ముగ్గురం ఒకవైపు, సిస్టర్ ఒకవైపు

సిస్టర్ మా బ్యాచ్‌లోకి వచ్చిన మొదటి రోజే సైకిల్ మీద వచ్చింది. అదే మాకు నచ్చలేదు.

నల్లగొండలో పొద్దున్నే పరుగెత్తేవాళ్ళం పదిమందికి పైగా ఉండేవాళ్ళం. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు తయారైన గుంపు అది. ఒక హెడ్ కానిస్టేబుల్, మోటార్ వైండింగ్ షాపాయన, ఒక చర్చి పాస్టరుగారు, కొందరు టీచర్లు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నేను. తెల్లవారకముందే గడియారం సెంటర్లో కలిసేవాళ్ళం. ఆదివారం మాత్రం చిట్యాల దాకా బండ్ల మీద వెళ్ళి, హైవే పక్కన సర్వీసు రోడ్డు మీద పొడుగు పరుగు తీసేవాళ్ళం. ఒకరి పక్కన ఒకరం, ఇంటి సంగతులు చెప్పుకుంటూ, వెనకబడినవాడి కోసం వేగం తగ్గిస్తూ. పరుగు అంటే మాకు అదే. ఒక జత బూట్లు, నలుగురు మనుషులు ఉంటే చాలు.

అట్లాంటి ఒక ఆదివారం హెల్మెట్ పెట్టుకుని, వంగిన హ్యాండిల్ ఉన్న సన్నటి సైకిల్ మీద ఆమె వచ్చి ఆగింది. మహబూబ్‌నగర్ నుంచి బదిలీ మీద మా జిల్లా దవాఖానకు వచ్చిన స్టాఫ్ నర్సు. వయసు నలభైకి దగ్గర్లో ఉంటుంది. సైకిల్‌ను టీ కొట్టు వెనక తాళం వేసి, మాతో పాటు పరుగెత్తింది. పరుగు మరీ గొప్పగా ఏం లేదు. అడుగు చిన్నది, భుజాలు కొంచెం ఊగుతాయి. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పరుగు ముగిశాక మేమంతా టీ కొట్టు బల్ల మీద కూలబడితే, ఆమె నీళ్ళు తాగి మళ్ళీ హెల్మెట్ పెట్టుకుంది.

"ఏడికమ్మా?" అన్నాడు కానిస్టేబుల్.

"నార్కట్‌పల్లి దాటి ఇంకింత దూరం పోయొస్త అన్నా. సైకిల్ ఇయ్యాల ఇంక తొక్కనే లేదు."

"మరి నల్లగొండ నుంచి ఈడికి వచ్చింది?"

"అది లెక్కల రాదన్నా, అది వచ్చుడు."

ఆమె వెళ్ళిపోయాక కానిస్టేబుల్ తన తీర్పు చెప్పాడు. "ట్రయథ్లాన్ బాపతు సార్. ఉరుకుడు సక్కగ రాదు, ఈత సక్కగ రాదు, సైకిల్ సక్కగ రాదు. మూడు కలిపితే ఎవరికీ తెల్వదని గట్ల చేస్తరు."

అందరం నవ్వాం. హైదరాబాద్ పరుగు పందేల్లో అలాంటివాళ్ళను చూసిన అనుభవం మాకుంది. ఒంటికి అతుక్కున్న మెరిసే బట్టలు, చేతికి పెద్ద పెద్ద వాచీలు, ఎంతసేపూ సైకిల్ చక్రాల ముచ్చట్లు. మా కళ్ళకు వాళ్ళది ఆట కన్నా సరంజామా ఎక్కువగా కనిపించేది.

పరుగు విషయంలో నాకు కాస్త పట్టింపు కూడా ఉండేది. నేను పుట్టింది మర్రిగూడ దగ్గర ఒక పల్లెలో. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. ఊళ్ళో నా ఈడు పిల్లల్లో కొందరి మోకాళ్ళు పదేళ్ళకే వంగిపోయాయి. మా నాయిన మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిరగాల్సి వచ్చేది. పాలపళ్ళు ఊడకముందే మా అమ్మ నన్ను చిట్యాలలో ఉన్న మేనమామ ఇంటికి పంపేసింది. అందుకే నా కాళ్ళు చక్కగా ఉన్నాయి. సెలవులకు ఇంటికి పోతే ఆమె నా పిక్కలు తడిమి చూసుకునేది. ముప్పై అయిదేళ్ళ వయసులో షుగర్ బార్డర్లో ఉందని డాక్టర్ చెప్పి పరుగెత్తమన్నప్పుడు, మొదటిసారి ఆగకుండా అయిదు కిలోమీటర్లు పోయిన రోజు నేను రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. అలాంటి పరుగును మూడు ముక్కల్లో ఒక ముక్కగా, అదీ చివరి ముక్కగా పెట్టుకునేవాళ్ళంటే నాకు ఎట్లానో ఉండేది.

సిస్టర్ మాత్రం మా నవ్వులు పట్టించుకునే మనిషి కాదు. అందరం ఆమెను సిస్టర్ అనే పిలిచేవాళ్ళం, పాస్టరుగారితో సహా. నోరు గట్టిది. వార్డులో పేషెంట్లను అదిలించినట్టే మమ్మల్నీ అదిలించేది. ఒకరోజు టీ తాగుతుంటే నేనే అడిగాను, "సిస్టర్, ఈ మూడు ఆటల పిచ్చి మీకు ఎక్కడ పట్టింది?"

"పిచ్చి కాదు సార్, బతుకే గట్లుండె," అంది. "మాది మక్తల్ దిక్కు. భూమి లేదు. మా నాయిన బాయిలల్ల పూడిక తీసెటోడు. ఎండకాలం వస్తె ఊరూరు తిరిగి బాయిలల్ల దిగుడే పని. నన్ను గూడ ఎంబడి తీస్కపోయెటోడు. ఓసారి నడుముకు తాడు కట్టి నీళ్ళల్ల ఇడిసిండు. నాలుగు దినాలకు తాడు ఇప్పేసిండు. ఈత గట్ల వచ్చింది. హైస్కూల్ దూరం, సైకిల్ వచ్చింది. స్కూల్ ఇడిసినంక అమ్మ పత్తి ఏరెతందుకు పోయిన చేనుకు ఉరికెటోళ్ళం, పొద్దుగూకకముందే ఆమెకు సాయం చెయ్యాలె గద. మూడూ సిన్నప్పుడే వచ్చినయి సార్. గివి ఆటలని, గీటికి మెడల్స్ ఇస్తరని నాకెవ్వరు చెప్పలే. పాలమూర్ దవాఖానల ఒక డాక్టర్ మేడం చెప్తె తెలిసింది."

కానిస్టేబుల్ మాత్రం తేలిగ్గా ఓడిపోయే రకం కాదు. "అదంత సరే సిస్టర్. కని ఉరుకుడే చేసెటోని ముందట మీ ఉరుకుడు నిలుస్తదా?"

"నిలవది," అంది ఆమె వెంటనే. "నిలుస్తదని నేనెప్పుడన్న అన్ననా? వచ్చే నెల మా దిక్కు రిజర్వాయర్ల రేస్ ఉంది. టీం లెక్క గూడ చెయ్యొచ్చు, ఒగరు ఈత, ఒగరు సైకిల్, ఒగరు ఉరుకుడు. నువ్వు సైకిల్ తొక్కు అన్నా. సార్ ఉరుకుతడు. ఈతకు మా తమ్మున్ని ఇస్త, వాడు బాయిల చేపపిల్ల. మీరు ముగ్గురు, నేను ఒక్కదాన్ని. సూద్దాం."

ఒకటిన్నర కిలోమీటర్ల ఈత, నలభై కిలోమీటర్ల సైకిల్, పది కిలోమీటర్ల పరుగు. పది కిలోమీటర్లంటే నాకు పొద్దుటి టీ ముందు పని. ఒప్పుకున్నాను.

రేసుకు ముందు రోజు సాయంత్రమే మహబూబ్‌నగర్ చేరి ఒక లాడ్జీలో దిగాం. తెల్లవారుజామున రిజర్వాయరు దగ్గరికి వెళ్ళేసరికి కట్ట మీద జనరేటర్ లైట్లు, వరసగా ఇనుప కడ్డీలకు వేలాడదీసిన సైకిళ్ళు. ప్రతి సైకిల్ కింద ఒక తువ్వాలు, దాని మీద బూట్లు, మేజోళ్ళు, టోపీ. సిస్టర్ తన బూట్లలో పౌడర్ చల్లుతోంది. తడి కాలు చటుక్కున దూరాలట. లేసులు లేవు, వాటి జాగాలో ఎలాస్టిక్ దారం ఉంది. ముడి వేసేపాటి సమయం కూడా వృథా కాకూడదట. దవాఖానలో ఆపరేషన్‌కు ముందు సామాను సర్దినట్టు ఒక్కొక్కటి ముట్టుకుని చూసుకుంటోంది. ఆ పొద్దున ఆమె నోట్లోంచి ఒక్క ఎకసెక్కం రాలేదు.

అక్కడే వాళ్ళ నాయినను మొదటిసారి చూశాను. కూతురి ఈత చూద్దామని మక్తల్ నుంచి మొదటి బస్సుకు వచ్చాడట. పంచె, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాల. ఎండకు కమిలిన పొట్టి మనిషి. కట్ట అంచున గొంతుకూర్చుని నీళ్ళవైపే చూస్తున్నాడు.

వెలుగు వచ్చింది. నీళ్ళు కనబడ్డాయి. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

అప్పటి దాకా నేను ఆలోచించనే లేదు. మా ఊళ్ళో నీళ్ళంటే బిందెలో ఉండేవి, డ్రమ్ములో ఉండేవి. ట్యాంకర్ వచ్చిన రోజు రోడ్డు మీద ఉండేవి. నా జన్మలో మోకాలు దాటి నీళ్ళలో దిగింది లేదు. ఇక్కడ చూస్తే అవతలి గట్టు కనబడడం లేదు. నీళ్ళ మీద దూరదూరంగా పసుపు రంగు పెద్ద బుడగలు తేలుతున్నాయి. వాటిని చుట్టి రావాలి. ఊరి జాలర్లు గుండ్రటి పుట్టి పడవలు వేసుకుని అక్కడక్కడా నిలబడ్డారు, ఎవరన్నా మునిగితే తీయడానికి. ఎర్ర టోపీలు పెట్టుకున్న మనుషులు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, జుట్టు నెరిసినవాళ్ళు, నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళ కింద కాసేపట్లో నేల ఉండదు. అలసిపోతే ఆగి నిలబడడానికి కూడా జాగా ఉండదు. పరుగులో నేను ఎన్నోసార్లు ఆగాను, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాను, రాయి మీద కూర్చున్నాను. ఆ వెసులుబాటే లేని ఒక ఆట ఉంటుందని ఆ గట్టు మీద నిలబడ్డాకే నా ఒంటికి తెలిసింది.

విజిల్ ఊదారు. నీళ్ళు ఒక్కసారిగా తెల్లబడ్డాయి. చేతులు, కాళ్ళు, ఒకరి మీద ఒకరు. ఎర్ర టోపీ ఒకటి కిందికి పోయి మళ్ళీ లేచింది. నాకు తెలియకుండానే సిస్టర్ వాళ్ళ నాయిన భుజం పట్టుకున్నాను.

"భయపడకు సారూ," అన్నాడు ఆయన. "నీళ్ళు మంచియే."

మెల్లగా ఆ గుంపు సాగి, చీమల బారులాగా దూరమైంది. అందులో సిస్టర్ ఎవరో నాకు తెలియలేదు. ఆయనకు తెలుసు. "అగో, ఆ చెయ్యి. ఎడమ చెయ్యి జర ఎత్తు లేస్తది దానిది," అని చూపించాడు. నేను ఎంత చూసినా నాకు అన్ని చేతులూ ఒకటే.

ఆమె నీళ్ళలోంచి లేచి వచ్చినప్పుడు మనిషిని పోల్చుకోలేకపోయాను. పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్ళ చుట్టూ అద్దాల ముద్రలు. కట్ట ఎక్కుతూ ఒకసారి తూలింది. అయినా ఆగలేదు. నేను బాటిల్ తెరిచి ఇద్దామనుకునేంతలో హెల్మెట్ పెట్టుకుని, సైకిల్ తోసుకుంటూ మా ముందు నుంచే పరుగెత్తి పోయింది. మమ్మల్ని చూడను కూడా లేదు.

చేపపిల్ల అనుకున్న తమ్ముడు ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. బాయిలో ఈ గోడ నుంచి ఆ గోడకు ఈదడం వేరు, గోడలు లేని నీళ్ళలో తిన్నగా పోవడం వేరు. వంకరటింకరగా తిరిగి తిరిగి వచ్చాడు. టీంలో ఒకరి నుంచి ఒకరికి చేతులు మారేది చీలమండకు చుట్టుకునే ఒక పట్టీ. తడి పట్టీ ఊడదీసి కానిస్టేబుల్ కాలికి చుట్టి, అక్కడే వెల్లకిలా పడుకున్నాడు. "అక్క ఎట్ల ఈదిందో," అని మాత్రం అన్నాడు.

కానిస్టేబుల్ పెడలు మీద లేచి నిలబడి వెళ్ళిపోయాడు. ఎండ ఎక్కింది. నేను నీడలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, అరటిపండు తిని, ఒళ్ళు విరుచుకుంటూ ఎదురుచూశాను. నా ఎదురుగానే ఒక్కొక్కరు సైకిల్ దిగి వస్తున్నారు. దిగగానే కాళ్ళు వాళ్ళవి కానట్టు నడుస్తున్నారు. ఒక పెద్దాయన, మా నాయిన వయసుంటుంది, కింద కూర్చుని మేజోడు తొడుక్కోవడానికి అవస్థ పడుతున్నాడు. సాయం చేద్దామని లేచాను. "వద్దు బాబూ," అన్నాడు నవ్వుతూ. "మీరు ముట్టుకుంటే నన్ను ఇంటికి పంపిస్తారు." బయటి మనిషి సాయం తీసుకుంటే రేసులోంచి తీసేస్తారట. మేజోడు తొడుక్కుని, నేల మీద చేయి ఆనించి లేచి, పరుగు మొదలుపెట్టాడు.

సిస్టర్ కూడా సైకిల్ దిగి, బూట్లు మార్చుకుని వెళ్ళిపోయింది. మా కానిస్టేబుల్ వచ్చేసరికి ఆమె కనుమరుగై చాలాసేపయింది. అతని ముఖమంతా దుమ్ము. నా కాలికి పట్టీ చుడుతూ రొప్పుతున్నాడు. "ఎదురుగాలి సార్... మనిషి కాదు సార్ ఆమె... ఉరుకు నువ్వు, ఉరుకు."

ఉరికాను. దారి కట్ట మీదుగా పోయి, ఒక పల్లె దగ్గర తిరిగి రావడం. అలా రెండు చుట్లు. తాజా కాళ్ళు, పొద్దుటి నుంచి నీడలో దాచుకున్న బలం. ఒక్కొక్కరిని దాటుకుంటూ పోతుంటే మొదట్లో హుషారుగానే ఉంది. మొదటి చుట్టులో సిస్టర్ తిరిగి వస్తూ ఎదురుపడింది.

"ఇంకా ఈడనే ఉన్నరా సార్!" అని అరిచింది. ఆ రోజు ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి ఎకసెక్కం అది.

పంతం వచ్చింది. వేగం పెంచాను. రెండో చుట్టు సగానికి వచ్చేసరికి ముందు ఆమె వీపు కనిపించింది. దగ్గరయ్యే కొద్దీ నా హుషారు తగ్గుతూ వచ్చింది. ఆమె అడుగులు నేల మీద ఈడ్చుకుపోతున్నాయి. మెడ మీద చెమట ఆరి ఉప్పు తెల్లగా పేరుకుంది. కుడి పిక్క గడ్డకట్టినట్టు బిగుసుకుని కనిపిస్తోంది. దగ్గరికి వచ్చాక ఆమె ఏదో అంటున్నట్టు వినిపించింది. నాతో కాదు. వార్డులో నొప్పితో మూలిగే పేషెంటుతో మాట్లాడినట్టు తన కాళ్ళతో మాట్లాడుకుంటోంది.

"అయిపాయె తల్లీ, అయిపాయె. జర ఓర్సుకో. గింతే, ఆ చెట్టు దాక. నేనున్న గద."

నా కాళ్ళు వాటంతట అవే నెమ్మదించాయి. వెనకబడినవాడి పక్కన పరుగెత్తడం మా బ్యాచ్ అలవాటు. ఏమీ ఆలోచించకుండా ఆమె పక్కకు వచ్చి, ఆమె అడుగుకు అడుగు కలిపాను. "నేను మీతోనే వస్త సిస్టర్," అన్నాను.

ఆమె తల తిప్పి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పో సార్. నా పక్కన ఉరకొద్దు. చూసిన్రంటే నన్ను తీసేస్తరు."

"పోనియ్యండి, ఎవరు చూస్తరు?"

"నేను చూస్త," అంది.

నేను ముందుకు పోయాను. ఆమెను దాటిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. పరుగులో ఎవరినైనా దాటితే ఒక చిన్న సంతోషం ఉంటుంది, ఎంత కాదనుకున్నా ఉంటుంది. ఆ రోజు రాలేదు. ఎదురుగా నిలబడిన ఒక పెద్ద కొండను తప్పించుకుని పక్కదారిన పోయినట్టనిపించింది. నేను దాటింది ఆమె పరుగును మాత్రమే. ఆమె పొద్దుటి నుంచి మోసుకొస్తున్న ఆ నీళ్ళను, ఆ ఎదురుగాలిని నేను తాకను కూడా లేదు.

గీత దాటి, పట్టీ ఇచ్చేసి, వెనక్కి తిరిగి నిలబడ్డాను. కానిస్టేబుల్, తమ్ముడు వచ్చి నా రెండు పక్కలా నిలబడ్డారు. గెలిచామని ముగ్గురిలో ఎవరమూ అనలేదు. కట్ట మలుపులో ఆమె కనిపించింది. నడుస్తోంది. నాలుగడుగులు నడిచి, మళ్ళీ పరుగెత్తడం మొదలుపెట్టింది. కానిస్టేబుల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "రా సిస్టర్, రా, రా," అని గొణుగుతున్నాడు. ఆమె గీత దాటి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వంగింది. కాసేపటికి తల ఎత్తి మమ్మల్ని ముగ్గురినీ చూసింది.

"ముంగట వడ్డరు గద?"

"పడ్డం," అన్నాను.

"ఎంతసేపు?"

"ఎంతో లేదు సిస్టర్. జరంతే."

ఆమె ముఖం విప్పారింది. ఆ నవ్వుతోనే కింద కూర్చుండిపోయింది.

వాళ్ళ నాయిన కట్ట దిగి మెల్లగా వచ్చాడు. కూతురి తలను తువ్వాలతో తుడుస్తూ నన్ను అడిగాడు, "ఎవలు గెలిసిన్రు సారూ?"

"మేం గెలిచినమే పెద్దాయనా. నీ కొడుకు ఈదిండు, ఈయన సైకిల్ తొక్కిండు, నేను ఉరికిన."

"మరి ఇది?"

"ఆమె మూడూ చేసింది."

ఆయన మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. తర్వాత కూతురి వంక చూశాడు. ఆమె బూట్లు విప్పడానికి వంగాడు. ఆమె కాలు వెనక్కి లాక్కోబోయింది. "ఊకో," అన్నాడు. ఉబ్బిన ఆ పాదాలను ఆయన రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కుతుంటే మేం పక్కకు తిరిగి నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాం.

వ్యానులో తిరిగి వస్తుంటే ఆమె దారి పొడవునా నిద్రపోయింది. నల్లగొండ చేరాక దవాఖాన గేటు దగ్గర దిగింది. సాయంత్రం కాన్పుల వార్డులో డ్యూటీ ఉందట. సెలవు పెట్టొచ్చు కదా అంటే, "పిల్లలు పుట్టుడు ఆగది గద సార్," అని లోపలికి వెళ్ళింది. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకుంది.

ఆ తర్వాత మా బ్యాచ్‌లో ఎవరూ ట్రయథ్లాన్ వాళ్ళ మీద జోకులు వేయలేదని చెప్పను. వేస్తూనే ఉన్నాం. వాళ్ళ బట్టల మీద, వాళ్ళ వాచీల మీద. వాళ్ళ పరుగు మీద మాత్రం వేయము. ఇప్పుడు ఏ పందెంలోనైనా సైకిల్ దిగి తడబడుతూ పరుగెత్తేవాళ్ళు కనిపిస్తే నేను నిలబడి చూస్తాను. వాళ్ళ అడుగు చూసి నవ్వే కుర్రవాళ్ళకు ఏమీ చెప్పను. చెబితే తెలిసేది కాదు.

మూడు నెలల తర్వాత నల్లగొండ స్విమ్మింగ్ పూల్‌లో చేరాను. నేర్పేది సిస్టరే. మొదటి వారమంతా గట్టు పట్టుకుని నిలబడడమే సరిపోయింది. నీళ్ళు ఛాతీ దాకా వస్తే ఊపిరి ఆడేది కాదు. నా స్టూడెంట్లు ఇద్దరు అవతలి వైపు దూకుతూ, నన్ను చూసి చూడనట్టు నటించేవాళ్ళు. ఒకరోజు సిస్టర్, "ముఖం లోపల పెట్టు సార్. ఊపిరి ఇడువు, అంతే," అంది. పెట్టాను. చెవుల్లో బయటి గోల అంతా ఆగిపోయింది. నా ఊపిరి బుడగలై పైకి పోతున్న చప్పుడు ఒక్కటే. కళ్ళు తెరిస్తే నీలం టైల్స్ మీద ఎండ వలలాగా కదులుతోంది. ఎంత అందంగా ఉందో! ఇది చూడకుండా ఇన్నేళ్ళు ఎట్లా ఉన్నానా అనిపించింది. తల పైకెత్తి దగ్గుతూ, ముక్కు చీదుకుంటూ, "మళ్ళొకసారి పెడత సిస్టర్," అన్నాను.